పాఠం: చప్పట్లు కొట్టి పలుకుదాం

పిల్లలూ! మారిషస్ వచ్చిన కొత్తలో నేను బస్సులో "మహేబోర్గ్" కి టికెట్ అడిగాను. వెనక సీట్లో పిల్లలు కిసుక్కున నవ్వారు. రాసిన అక్షరాలన్నీ పలికేయడం నా తెలుగు అలవాటు. మీరైతే ఆ ఊరిని "మా-ఏ-బూర్" అంటారు కదా! మూడు ముక్కలు, మూడు చప్పట్లు. మధ్యలో హకారం పలకదు, చివరి గకారమూ పలకదు.

ఫ్రెంచి మీకు నాకంటే బాగా వచ్చు. కానీ మాటల్ని ఎలా విడదీస్తున్నారో ఎప్పుడైనా గమనించారా?

1. రెండు అచ్చుల మధ్య ఒకే హల్లు ఉంటే అది తర్వాతి అచ్చుతో కలుస్తుంది: ఆ-ని-మాల్. తెలుగులోనూ అంతే: అ-ర-టి.

2. రెండు హల్లులుంటే చెరో వైపు వెళ్తాయి: పార్-తీర్. రెండోది ల, ర అయితే చాలాసార్లు జంట విడిపోదు: తా-బ్లో.

3. చివరి అక్షరాలు చాలాసార్లు పలకవు. షొ-కొ-లా అనే మాట చివర టకారం రాస్తారు, పలకరు. బా-నాన్ చివర ఒక అచ్చు రాస్తారు, అదీ వినపడదు.

4. ఒకే హల్లు రెండుసార్లు రాసినా సాధారణంగా ఒకసారే పలుకుతారు. బా-లోఁ అనే మాటలో లకారం రెండుసార్లు ఉంటుంది, వినపడేది ఒక్కటే.

చివరి రెండు సూత్రాల దగ్గరే తెలుగుతో జాగ్రత్త! తెలుగులో మాట చివరి అచ్చును మింగకూడదు. ఒత్తు ఉంటే నాలుక ఒక్క క్షణం ఆగాలి: గడ్-డి.

మా తరగతిలో ఒక బాబు "ఆవు గడ్డి తింది" అని చదవబోయి "ఆవు గడి తింది" అన్నాడు. గడి అంటే చదరంగం బల్ల మీద ఉండేది! అందరూ నవ్వారు. ఆ తర్వాత వాడు గట్టిగా చదవడమే మానేశాడు. అప్పుడు నా బస్సు కథ చెప్పాను. "టీచర్, మీరు ఎక్కువ పలికారు, నేను తక్కువ పలికాను, అంతేగా!" అన్నాడు. మళ్ళీ పుస్తకం తీశాడు.

నిజమే, అది తెలివితక్కువతనం కాదు. ఒక భాష అలవాటు ఇంకో భాషలోకి వచ్చింది, అంతే.

రెండు భాషలకూ కలిసిన అలవాటు కూడా ఒకటుంది. ఫ్రెంచిలో లె + ఆమీ = లామీ. తెలుగులో వాడు + ఎవడు = వాడెవడు. రెండింటిలోనూ మొదటి మాట చివరి అచ్చు జారిపోయింది. తెలుగులో దీన్ని సంధి అంటాం.

అభ్యాసం

అ) ఈ జంటల్ని చప్పట్లు కొడుతూ చదవండి. అర్థంలో తేడా చెప్పండి.
గడి – గడ్డి
బలి – బల్లి
కల – కల్ల

ఆ) మీకు తెలిసిన ఐదు ఫ్రెంచి మాటలు పలికినట్టే తెలుగు లిపిలో రాసి, ముక్కలుగా విడదీయండి.

ఇ) ఆ మాటల్ని ఇంట్లో అమ్మకో నాన్నకో నేర్పండి. వాళ్ళు తప్పు పలికితే నవ్వకండి, ఇంకోసారి చెప్పండి!