రేంజికి అవతలి ఇళ్లు

మావారు ఫిరంగి దళంలో హవల్దారుగా చేసి రిటైరయ్యారు. పెళ్లయిన కొత్తలో మహారాష్ట్రలోని ఒక కంటోన్మెంట్‌లో క్వార్టర్స్ ఇచ్చారు. మొదటిసారి ఢామ్మని మోత వినబడగానే భూకంపమనుకుని, పొయ్యిమీద పప్పు వదిలేసి వీధిలోకి పరుగెత్తాను. పక్కింటి పంజాబీ ఆవిడ ఒకటే నవ్వు! "ఫైరింగ్ ప్రాక్టీసు. అలవాటైపోతుందిలే" అంది. నిజంగానే అలవాటైంది. గూట్లో స్టీలు గిన్నెల మధ్య పాతగుడ్డలు కుక్కడం నేర్చుకున్నాను. చంటివాడు మాత్రం నిద్రలో ఉలిక్కిపడుతూనే ఉండేవాడు.

ఫిరంగి మోత చెవికంటే ముందు గుండెల్లో తగులుతుంది. అది బాగా మందరమైన ధ్వని కాబట్టి తలుపులు వేసుకున్నా ఆగదు. కిటికీ అద్దాలు, గిన్నెలు గలగలలాడతాయి. మబ్బు పట్టిన రోజున, నేల దగ్గర గాలి చల్లబడ్డ తెల్లవారుజామున ఇంకా దూరం పాకుతుంది. "ఇవాళ మన పక్కనే పేల్చారా?" అంటే, "రోజూ పేల్చే చోటే" అనేవారాయన.

మా ఇంట్లో పనిచేసే ఆవిడది రేంజికి అవతల ఊరు. ఒకరోజు గిన్నెలు తోముతూ అడిగింది. "మా కోడలికి ఏడో నెలమ్మా. ఎప్పుడు పేలుస్తారో ముందు చెప్పించరాదూ?" ఎర్రజెండా ఎగరేస్తారు కదా అన్నాను. "రాత్రిపూట జెండా ఎక్కడ కనబడుతుందమ్మా?" అంది. ఏం చెప్పను? రాత్రి ఆయనతో అంటే, "మేం ఇక్కడ నేర్చుకోకపోతే అక్కడ సరిహద్దులో పోతాం" అన్నారు. అదీ నిజమే.

ఇప్పటి జార్ఖండ్‌లోని నేతర్‌హాట్ సంగతి తెలిసినప్పుడు ఆవిడే గుర్తొచ్చింది. అక్కడ 1964 నుంచి సైన్యం ఫిరంగులు పేల్చడం ప్రాక్టీసు చేసేది. పేల్చే రోజుల్లో ఆదివాసీలు పిల్లాపాపల్తో, పశువులతో ఇళ్లు వదిలి పోవాల్సి వచ్చేది. పేలకుండా పడిఉన్న గుండ్ల భయం సరేసరి. తర్వాత 245 గ్రామాలను ఆ పరిధిలోకి తెచ్చారు. 1994 మార్చిలో సైన్యం మళ్లీ వస్తే, టుటువాపానీ దగ్గర వేలాదిమంది దారికి అడ్డం కూర్చున్నారు. ముందు వరసలో ఆడవాళ్లే! సైనిక వాహనాలు వెనక్కి వెళ్లిపోయాయి. అప్పట్నుంచి ఏటా మార్చి 22, 23 తేదీల్లో అక్కడే సమావేశమయ్యేవారు. ఒక్క ఏడాది కాదు, దాదాపు ముప్ఫై ఏళ్లు! చివరికి 2022 ఆగస్టులో, గడువు ముగిసిన ఆ నోటిఫికేషన్‌ను ఇక పొడిగించేది లేదని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది.

ఆ వార్త చదివి వినిపిస్తే మావారు కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. "మంచిదే. మరి కుర్రాళ్లు ఎక్కడ నేర్చుకుంటారు?" అన్నారు. "మనుషులు లేనిచోట" అన్నాను. "అలాంటి చోటు ఎక్కడుందో నువ్వే చూపించు" అన్నారు.

ఆ పూట ఇద్దరం మళ్లీ మాట్లాడుకోలేదు.