రోగి సరిహద్దు దాటినా చీటీ దాటదు: ఆసుపత్రి కంప్యూటర్లు మాట్లాడుకునేదెప్పుడు?

బళ్లారి ప్రభుత్వ ఆసుపత్రి ఓపీ వరుసలో ఏ ఉదయం చూసినా చేతుల్లో ప్లాస్టిక్ కవర్లు కనిపిస్తాయి. వాటిలో ఎక్స్‌రే ఫిల్ములు, రక్తపరీక్షల చీటీలు, మడతలు పడి అక్షరాలు చెరిగిన డిశ్చార్జి పత్రాలు ఉంటాయి. కొన్ని గుంతకల్లులోనో రాయదుర్గంలోనో రాసినవి. మరికొన్ని ఆదోని, కర్నూలు, అనంతపురం ఆసుపత్రులవి. ఆ కవరు ఇంటివద్ద మరచిపోయినా, వానకు తడిసినా, రోగి కథ మళ్లీ మొదటికి వస్తుంది. మళ్లీ రక్తం తీయాలి, మళ్లీ ఫోటో తీయాలి, మళ్లీ డబ్బు కట్టాలి.

ఇంచుమించు ప్రతి పెద్దాసుపత్రిలోనూ కంప్యూటరున్న ఈ కాలంలో ఒకచోటి వివరం మరొకచోటికి ఎందుకు చేరదు? చేరాలంటే ఏమి కావాలి? చేరితే లాభమెంత, ప్రమాదమెంత? సరిహద్దు గ్రామాల కుటుంబాలు తప్పక తెలుసుకోదగిన విషయమిది.

గీత పాలనకే, బాంధవ్యానికి కాదు

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు నాటి బళ్లారి జిల్లా నుండి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరాయి. బళ్లారితో సహా మిగిలిన ప్రాంతం మైసూరు రాష్ట్రంలో కలిసింది. పాలన రెండుగా చీలింది గాని పెళ్లిళ్లు, పొలాలు, సంతలు చీలలేదు. డి.హీరేహాళ్, బొమ్మనహాళ్, హాలహర్వి మండలాల ప్రజలకు జబ్బు చేస్తే నేటికీ మొదట తోచే ఊరు బళ్లారే. అక్కడి ప్రభుత్వ వైద్య కళాశాల 1961లో ప్రారంభమైంది. ప్రజలు దానిని చిరకాలంగా విమ్స్ అనే పిలుచుకుంటున్నారు.

తొలి కాన్పు సంగతి తీసుకుందాం. సిరుగుప్ప తాలూకాకు కోడలిగా వెళ్లిన ఆడపడుచుకు అక్కడి ఆరోగ్య కేంద్రంలో తాయి కార్డు ఇస్తారు. నెలనెలా బరువు, బీపీ, రక్తశాతం అందులో రాస్తారు. సీమంతం కాగానే ఆమె ఆదోని పక్కనున్న పుట్టింటికి వస్తుంది. ఇక్కడి ఏఎన్ఎం చేతిలో ఉండేది వేరొక రాష్ట్రపు జాబితా. అత్తగారి ఊరిలో బీపీ ఎక్కడం మొదలైన సంగతి ఇక్కడివారికి తెలియకపోతే, అది గుర్రపువాతంగా మారేవరకు ఎవరూ గుర్తించకపోవచ్చు. ఆమెది నెగెటివ్ రక్తవర్గమై, బిడ్డది పాజిటివ్ అయితే, కాన్పు అయిన 72 గంటలలోపు తల్లికి ఒక ఇంజెక్షన్ ఇవ్వవలసి ఉంటుంది. ఆ సంగతి ముందే తెలిసి ఉంటే మందు సిద్ధంగా ఉంచుకుంటారు. ఒక గీత, ఒక అంకె, ఒక అక్షరం చేరకపోవడం వలన కలిగే నష్టం ప్రాణం వరకు పోగలదు.

కంప్యూటర్లు ఎందుకు మాట్లాడుకోవు?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మొదలైనప్పుడు తొలి విడత మూడు జిల్లాలలో అనంతపురం ఒకటి. కర్ణాటకలో వాజపేయి ఆరోగ్యశ్రీ 2010లో గుల్బర్గా విభాగంలో మొదలైంది. బళ్లారి నాడు ఆ విభాగంలోనే ఉండేది. రెండూ పేదలకు మేలు చేసిన పథకాలే. అయితే ఎవరి కార్డు వారిది, ఎవరి కంప్యూటరు వారిది. ఒక రాష్ట్రపు కార్డు సంఖ్య మరో రాష్ట్రపు కంప్యూటరుకు వట్టి అంకెల వరుస మాత్రమే.

తీగ కలిపినంత మాత్రాన, ఇంటర్నెట్ వచ్చినంత మాత్రాన ఈ చిక్కు తీరదు. విప్పవలసిన ముడులు మూడున్నాయి.

మొదటి ముడి: ఈ మనిషి ఎవరు? తెలుగునాట ఇంటిపేరు ముందు వస్తుంది. కర్ణాటకలో తండ్రి పేరో ఊరి పేరో పొడి అక్షరంగా పేరు చివర నిలుస్తుంది. ఒకే లక్ష్మమ్మ గుంతకల్లులో ఒక తీరుగా, బళ్లారిలో ఇంకొక తీరుగా నమోదవుతుంది. వయసు ఒకచోట 45, మరొకచోట 50. కంప్యూటరు దృష్టిలో వీరు ఇద్దరు మనుషులు. దీనికి విరుద్ధమైన పొరపాటు మరింత ప్రమాదకరం. ఒకే పేరుగల ఇద్దరిని ఒకరిగా కలిపివేస్తే ఒకరి రక్తవర్గం మరొకరి పేరున చేరుతుంది.

రెండవ ముడి: ఈ మాటకు అర్థమేమి? చీటీలో "షుగర్ 180" అని ఉన్నదనుకుందాం. పరగడుపున తీసినదా, భోజనమైన రెండు గంటలకు తీసినదా? మొదటిదైతే మధుమేహానికి గుర్తు, రెండవదైతే తీర్పు వేరు. ఎదుట కూర్చున్న వైద్యుడు రోగిని అడిగి తెలుసుకుంటాడు. కంప్యూటరు అడగలేదు. అందుకే ప్రపంచవ్యాప్తంగా ప్రతి పరీక్షకు, ప్రతి వ్యాధికి ఒక నిర్ణీత సంకేత సంఖ్య ఏర్పరచారు. పరీక్షలకు లోయింక్, వైద్య పదాలకు స్నోమెడ్ సీటీ, ఈ వివరాలను ఒక యంత్రం నుండి మరొకదానికి పంపే తీరుకు ఫైర్ అనే ప్రమాణాలున్నాయి. మన దేశం 2013లో ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డుల ప్రమాణాలను ప్రకటించి, 2016లో సవరించింది.

మూడవ ముడి: ఎవరి అనుమతితో? మొదటి రెండు ముడులను ఇంజినీర్లు విప్పగలరు. మూడవది విప్పవలసినది రోగి.

కుప్పం చెప్పిన పాఠం

ఈ ప్రయత్నంలో తెలుగు నేలకు ఒక పాత చరిత్ర ఉన్నది. 1994లో వర్ణవివక్ష పాలన అంతమైనప్పుడు దక్షిణాఫ్రికాకు జాతులవారీగా, ప్రాంతాలవారీగా ముక్కలైన ఆరోగ్య శాఖలు మిగిలాయి. ఎవరి ఫారాలు వారివే. వాటిని ఒక తాటిపైకి తెచ్చేందుకు నార్వేలోని ఓస్లో విశ్వవిద్యాలయ పరిశోధకులు, అక్కడి ఆరోగ్య కార్యకర్తలు కలిసి హిస్ప్ అనే కార్యక్రమాన్ని చేపట్టారు. ప్రతి విభాగమూ తన ఇష్టం వచ్చినవన్నీ అడిగే పద్ధతి మాని, అందరికీ తప్పనిసరిగా కావలసిన కొద్దిపాటి వివరాలేవో మొదట ఒప్పుకున్నారు. ఆ మీదటే కంప్యూటరు పని సాగింది.

అదే కార్యక్రమం 2000 సంవత్సరం చివర భారతదేశంలో అడుగుపెట్టిన చోటు చిత్తూరు జిల్లా కుప్పం. అది ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు కలిసే సరిహద్దు ప్రాంతం కావడం గమనార్హం. కుప్పం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో మొదలైన ఆ పని తరువాత ఇతర రాష్ట్రాలకూ సాగింది. ఆ కుటుంబానికి చెందిన డీహెచ్ఐఎస్2 అనే సాఫ్ట్‌వేర్ నేడు 70కి పైగా దేశాలలో వాడుకలో ఉన్నది. అది ఉచితం, ఎవరైనా మార్చుకోదగినది.

పేద దేశాలకు ఈ అనుభవం నేర్పిన సంగతి ఒకటే. యంత్రం కొనడం సులువు, ఒప్పందం కుదరడం కష్టం. ఏఎన్ఎం చేత అదే వివరాన్ని నాలుగు పుస్తకాలలో, రెండు ఫోన్లలో రాయిస్తే ఆమెకు గర్భిణిని చూసే సమయం మిగలదు, రాసినదానిలో నిజమూ మిగలదు.

ఇప్పటికే గీత దాటినవి

సరిహద్దు ప్రజలు తమకు తెలియకుండానే ఉమ్మడి వ్యవస్థ ఫలితాన్ని ఒకసారి అనుభవించారు. 2021 జనవరి 16న కోవిడ్ టీకాలు మొదలైనప్పుడు దేశమంతటికీ కోవిన్ ఒక్కటే. మొదటి సూది బళ్లారిలో, రెండవది గుంతకల్లులో వేయించుకున్నా, అదే ఫోను, అదే గుర్తింపు కార్డు చూపినవారికి ధ్రువపత్రం ఒక్కటే వచ్చింది.

క్షయవ్యాధికి 2012లో ఏర్పడిన నిక్షయ్ కూడా అటువంటిదే. మందులకు లొంగే సాధారణ క్షయకు కనీసం 6 నెలల చికిత్స అవసరం. పని కోసం తోరణగల్లుకో సండూరు గనులకో వలస వెళ్లిన మనిషి నడుమ మందు ఆపితే వ్యాధి ముదరడమే గాక మందులకు లొంగనిదిగా మారవచ్చు. నిక్షయ్‌లో ప్రతి రోగికి ఒక సంఖ్య ఉంటుంది. ఊరు మారేటప్పుడు ఆ సంఖ్య చెప్పి బదిలీ కోరితే, కొత్త ఊరి కేంద్రంలో పాత చికిత్స వివరం కనిపిస్తుంది, మందులు అక్కడే ఇస్తారు. రాష్ట్రం మారినా ఇది వర్తిస్తుంది. 1800-11-6666 ఉచిత ఫోను ద్వారా సలహా పొందవచ్చు.

ఆభా అంటే ఏమిటి, ఏమి కాదు

అన్ని జబ్బులకూ ఇటువంటి వీలు కల్పించడానికి 2020 ఆగస్టు 15న జాతీయ డిజిటల్ హెల్త్ మిషన్ ప్రకటించబడింది. 2021 సెప్టెంబరు 27 నుండి అది ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ పేరిట దేశమంతటా అమలులోకి వచ్చింది. ఇందులో ప్రతి వ్యక్తికి ఇచ్చే 14 అంకెల సంఖ్యయే ఆభా. రుసుము లేదు. తీసుకొమ్మని నిర్బంధమూ లేదు.

ఇందులో రోగి వివరాలన్నీ ఢిల్లీలోని ఒక పెద్ద గదికి చేరవు. ఎక్కడ పరీక్ష చేశారో ఆ వివరం అక్కడే ఉంటుంది. బళ్లారి వైద్యుడు కర్నూలు రికార్డు చూడదలిస్తే రోగి ఫోనుకు కబురు వస్తుంది. ఏ అవసరానికి, ఏ రకం వివరాలు, ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు, ఎన్నాళ్లపాటు చూస్తారు అన్నది అందులో ఉంటుంది. రోగి ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు, ఒకసారి ఇచ్చిన అనుమతిని ఉపసంహరించుకోవచ్చు. ఒప్పుకుంటేనే ఆ వివరం ఒక ఆసుపత్రి నుండి మరొకదానికి చేరుతుంది.

అయితే రెండు పొరపాట్లు పడరాదు. ఆభా కార్డు, ఆయుష్మాన్ కార్డు ఒకటి కావు. అర్హత గల కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్య ఖర్చు భరించేది ఆయుష్మాన్ పథకం. ఆభా సంఖ్య రికార్డులను కలిపేందుకే, దానితో ఒక్క రూపాయి సాయమూ రాదు. రెండవది, సంఖ్య ఉన్నంత మాత్రాన రికార్డు ఉన్నట్లు కాదు. 2025 ఆరంభానికే ఆభా సంఖ్యలు 70 కోట్లు దాటాయి. కాని ఓపీలో ఆ సంఖ్య నమోదు చేసి, పరీక్షల ఫలితాన్ని దానికి జతచేసిన ఆసుపత్రిలో మాత్రమే అది ఫలిస్తుంది. చిన్న క్లినిక్కులో, ల్యాబులో కాగితమే గతి అయినంతకాలం గొలుసు మధ్యలో తెగే ఉంటుంది.

భయం అనవసరమైనది కాదు

చిన్న ఊరిలో జబ్బు పేరు బయటపడితే దాని ఫలితం ఆసుపత్రితో ఆగదు. క్షయ అని తెలిస్తే ఆడపిల్ల పెళ్లి ఆగవచ్చు. హెచ్ఐవీ అని తెలిస్తే ఇంటి గడపే మూతపడవచ్చు. కనుకనే చట్టాలు వచ్చాయి. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్.పుట్టస్వామి వేసిన వ్యాజ్యంలో, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. హెచ్ఐవీ వివరాన్ని ఆ వ్యక్తి సమ్మతి లేకుండా వెల్లడించరాదని 2017 నాటి చట్టం నిర్దేశిస్తున్నది. చట్టంలో పేర్కొన్న కొద్దిపాటి మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. డిజిటల్ వ్యక్తిగత వివరాల రక్షణ చట్టం 2023లో వచ్చింది.

చట్టం ఉన్నా యంత్రానికి ఆపద తప్పదు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ కంప్యూటర్లపై సైబరు దాడి జరిగి, రోజుల తరబడి అక్కడి పనులు చేతిరాతతోనే సాగాయి. దేశంలోని అగ్ర ఆసుపత్రికే ఆ స్థితి ఏర్పడినప్పుడు, కాగితాన్ని పూర్తిగా వదలుకోవడం ఎవరికీ తగదు.

గ్రామాలలో మరొక చిక్కున్నది. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోను, అదీ భర్త చేతిలోనో కొడుకు చేతిలోనో ఉంటుంది. అనుమతి కోరే ఓటీపీ ఆ ఫోనుకే వస్తుంది. అప్పుడు అనుమతి ఇచ్చినది రోగియా, ఫోను యజమానియా? కోడలి సమ్మతిని మామగారు నొక్కడం సమ్మతి అనిపించుకోదు.

కుటుంబాలు చేయదగినవి

గర్భిణి పుట్టింటికి బయలుదేరే ముందు తాయి కార్డు వెంట ఉంచుకోవాలి. రక్తవర్గం, బీపీ, రక్తశాతం వివరాలున్న పుటలను ఫోనులో ఫోటో తీసుకోవాలి. రెండు ఊళ్ల ఆశా కార్యకర్తలకూ ప్రయాణం సంగతి తెలపాలి.

ఆధార్, రేషన్ కార్డు, ఆసుపత్రి చీటీ అన్నింటిలోనూ పేరు ఒకే తీరున ఉండేలా చూసుకోవాలి. పుట్టిన తేదీ ఒకటే చెప్పాలి. ఫోను నంబరు మార్చితే ఆభాలోనూ మార్పించాలి.

ఓపీలో ఆభా సంఖ్య ఉన్నదని రోగియే చెప్పాలి. డిశ్చార్జి పత్రంలో జబ్బు పేరు, ఇచ్చిన మందులు, పడని మందులు స్పష్టంగా రాయమని కోరడం రోగి హక్కు. ఓటీపీ చెప్పే ముందు "ఇది దేనికి?" అని అడగాలి. సమాధానం రానిచోట చెప్పనవసరం లేదు.

ఇవన్నీ చేసినా ఆ ప్లాస్టిక్ కవరును పారవేయరాదు. ఏళ్ల తరబడి రెండు రాష్ట్రాల వైద్యులను కలిపినది అదే. ఒకనాటికి యంత్రాలు ఆ బరువు మోస్తాయి. అంతవరకు కవరు, ఆ తరువాత అనుమతి, రెండూ ఉండవలసినది రోగి చేతిలోనే.