ఎవరి చెత్త ఎవరి వాకిట?

ఇల్లు ఊడ్చి చెత్తను వీధిలోనికి నెట్టినంతనే మన పని తీరినదని తలంతుము. కాని చెత్త నశింపలేదు. చోటు మాత్రమే మార్చుకొనినది. ఒక్క యింటి సంగతియే యిట్లుండగా, లక్షలకొలది జనులు నివసించు మహానగరమున దినదినము పోగగు చెత్త యెచ్చటికి పోవలెను? ఎవరి వాకిట చేరవలెను? ఈ ప్రశ్న జపాను రాజధానియైన టోకియో నగరమును పెక్కేండ్లు కలవరపెట్టెను. ఆ వృత్తాంతము మనకును తెలిసికొనదగినది.

టోకియో నడుమ 23 వార్డులు కలవు. అవి మన పురపాలక సంఘముల వార్డులవలె చిన్నవి కావు. ఒక్కొక్కటియు ఒక పట్టణమంతటిది. వానిలో కోటో వార్డు సముద్రపు టొడ్డున నున్నది. 1957వ సంవత్సరము చివర నుండి నగరపు చెత్తను తెచ్చి యచ్చటి సముద్రమును పూడ్వసాగిరి. ఆ పూడికచోటి పేరు యుమెనోషిమా. ‘కలల దీవి’ యని దాని యర్థము. పేరు గంగాభవాని, త్రాగబోతే నీళ్లు లేవన్న సామెత యిట్టి చోట్లకే చెల్లును. 1965వ సంవత్సరపు వేసవిలో ఆ దిబ్బపై అసంఖ్యాకముగా ఈగలు పుట్టి, గాలివాటున వచ్చి యిండ్లలోను పాఠశాలలలోను ముసరినవి. పిల్లలు నెమ్మదిగా నన్నము తినుటకును వీలు లేకపోయెను. తుదకు అధికారులు చమురు పోసి దిబ్బను కాల్పించిరి.

అంతటితో బాధ తీరలేదు. దినమునకు సుమారు 5,000 చెత్తబండ్లు కోటో వీధుల వెంట సాగుచుండెను. దుర్గంధము, రద్దీ, దారి పొడవున జారిపడు మురికి అచ్చటివారికి నిత్యానుభవములయ్యెను. ‘నగరమంతయు అనుభవించిన సుఖమునకు మే మొక్కరమే శిక్ష ననుభవింపవలెనా?’ అని వారి వేదన.

దీనికి ప్రభుత్వము తలంచిన ఉపాయము దహనము. చెత్తను పెద్ద కొలిమిలో కాల్చినచో దాని ఘనపరిమాణము పదింట తొమ్మిది వంతులకు పైగా తగ్గిపోవును. మిగిలిన బూడిదను పూడ్చుటకు కొద్ది చోటు చాలును. అందుచేత ఏ వార్డు చెత్తను ఆ వార్డులోనే కాల్చుటకు కర్మాగారములు కట్టవలెనని నిశ్చయించిరి. ఈ నిశ్చయము న్యాయముగనే తోచును. కాని ఆచరణలో చిక్కు పుట్టినది.

నగరమునకు పడమటి దిక్కున సుగినామి యను వార్డు కలదు. అది ప్రశాంతమైన నివాసస్థలము. అందలి తకాయిదో యను చోట కర్మాగారము కట్టుదుమని 1966లో అధికారులు ప్రకటించిరి. స్థానికులు నివ్వెరపోయిరి. పొగ వలన పిల్లల ఆరోగ్యము చెడునేమో, బండ్ల రాకపోకలతో వీధులు నిండునేమో, భూముల విలువ పడిపోవునేమో యని వారు భయపడిరి. అన్నిటికంటె మిన్నగా, తమ్ము నొక్క మాటైనను అడుగక నిర్ణయించిరన్న బాధ వారి హృదయములందు నాటుకొనెను. వారు న్యాయస్థానమున కెక్కిరి.

1971వ సంవత్సరము సెప్టెంబరు నెలలో టోకియో గవర్నరు మినోబె ర్యోకిచి ‘ఇది చెత్తపై యుద్ధము’ అని శాసనసభలో ప్రకటించెను. కోటో ప్రజల సహనము నశించెను. తమ చెత్తను తాము కాల్చుకొననొల్లని వార్డు చెత్తను తాము స్వీకరింపమని 1972 డిసెంబరులోను, మరల 1973 మే నెలలోను సుగినామి బండ్ల నడ్డగించిరి. బండ్లు వెనుకకు మరలెను. సుగినామి వీధులలో చెత్త గుట్టలుగా పేరుకొనెను. అంతవరకు కంటికి కనబడని కోటో ప్రజల బాధ అప్పుడు సుగినామివారి ముక్కునకే తగిలినది.

ఇందు తప్పెవరిది? కోటోవారు కోరినది సమభాగము. సుగినామివారు కోరినది అభయము. రెండును న్యాయమైన కోరికలే. సుగినామివారి భయమును మూఢత్వమని కొట్టివేయరాదు. తడిసిన చెత్తయు, ప్లాస్టిక్కు వంటి వస్తువులును చాలినంత వేడి లేక కాలినచో డయాక్సిన్లు మొదలగు విషపదార్థములు పుట్టును. వానిని తగ్గించుటకు కొలిమిలో 800 డిగ్రీల సెంటీగ్రేడునకు మించిన వేడి నిలుకడగా నుండవలెను; పొగను వేగముగా చల్లార్చి, వడపోత సంచులగుండ పంపవలెను. 1990 తరువాతి సంవత్సరములలో జపాను దేశమంతట డయాక్సిన్ల భయము వ్యాపించి, 1999లో వాని నరికట్టుటకు ప్రత్యేక శాసనమే పుట్టెను. అనగా ప్రజల సందేహమే శాస్త్రజ్ఞులను, పాలకులను మేలుకొలిపినదని చెప్పవచ్చును.

తుదకు 1974 నవంబరులో న్యాయస్థానము ఎదుట రాజీ కుదిరెను. కర్మాగారము తకాయిదోలోనే కట్టుటకును, దాని నడవడిని కనిపెట్టు సంఘములో స్థానికులకు స్థాన మిచ్చుటకును ఒడంబడిక జరిగెను. 1982లో కట్టడము పూర్తియైనది. పొగగొట్టము 160 మీటర్ల ఎత్తున నిలిచెను. చెత్త కాలగా వచ్చిన వేడితో సమీపమునందలి ఈతకొలనులో నీటిని వెచ్చచేసిరి. ఏ కర్మాగారమును జూచి జనులు భీతిల్లిరో, దాని వేడితోనే వృద్ధులు, బాలురు ఈదులాడిరి. పాతబడిన ఆ కట్టడమును తీసివైచి, 2017లో నూతనముగా నిర్మించిరి. ‘చెత్త యుద్ధము’ కథను తెలుపు ప్రదర్శనశాలయు నందే కలదు. అటు యుమెనోషిమా నేడు చెట్లతో నిండిన ఉద్యానవనము.

అయినను అందరి మనస్సులును ఒక్కటిగా కుదుటపడినవని చెప్పరాదు. పొగగొట్టము కనబడునంత కాలము కొందరికి శంక తప్పదు. ఆ శంకకు మందు ఓదార్పు మాటలు కాదు. దినదినము కొలిచి, కొలిచిన లెక్కలను దాచక ప్రజల ముందుంచుటయే.

మన ప్రాంతమునందును ఇట్టి ప్రశ్న లేకపోలేదు. హైదరాబాదు చెత్త ఏండ్ల తరబడి జవహర్‌నగరు ప్రక్కన కొండవలె పెరిగినది. అచ్చటి ప్రజలు దుర్గంధమును గూర్చి, చెడిన నీటిని గూర్చి మొరపెట్టుకొనుచు వచ్చిరి. 2020లో అచ్చట చెత్తను కాల్చి విద్యుచ్ఛక్తిని పుట్టించు కర్మాగారము వెలసినది. మన చెత్తలో తడి యెక్కువ. తడి కట్టెలు పొయ్యిలో పొగయే గాని మంట నీయనట్లు, తడి చెత్తయు చక్కగా కాలదు. తడి చెత్తను పొడి చెత్తను ఇంటియొద్దనే వేరుచేసినచో తడి చెత్త యెరువగును. పొడి చెత్తలో పనికివచ్చునది మరల వాడుకకు వచ్చును. కాల్చవలసినది కొంచెమే మిగులును.

బాలబాలికలారా! మీరు పారవైచు చెత్త ఎవరి యింటి ముందునకు పోవుచున్నదో ఒక్కసారి విచారింపుడు. అచ్చటను మీ వంటి పిల్లలు అన్నము తినుచుందురు, పాఠములు చదువుకొనుచుందురు. వారి వాకిలియు మన వాకిలి వంటిదే యని తెలిసికొనినప్పుడే నగరము నిజముగా శుభ్రమైనట్లు.