స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ ట్యూనింగ్: అపోహలు – వాస్తవాలు

జాతరలోనో, హైదరాబాదు నుమాయిష్‌లోనో బెలూన్లు కొట్టే స్టాల్ ముందు నిలబడి ఎయిర్ గన్‌ని ఒక్కసారైనా భుజానికి ఆనించినవాళ్లు మనలో చాలామందే ఉంటారు. గొట్టాన్ని కిందికి మడిచి, పెల్లెట్ పెట్టి, మళ్లీ మూసి పేల్చే ఆ తుపాకీలో మందుగుండు ఉండదు. గాలి నింపిన సిలిండరూ ఉండదు. ఉన్నదల్లా ఒక ఉక్కు స్ప్రింగు, దాని ముందు ఒక పిస్టన్.

గొట్టం మడిచినప్పుడు పిస్టన్ వెనక్కి జరిగి స్ప్రింగు అణిగిపోతుంది. ట్రిగ్గర్ దాన్ని పట్టి ఉంచుతుంది. ట్రిగ్గర్ లాగగానే పిస్టన్ ముందుకు దూకి, తన ముందున్న గదిలోని గాలిని ఒక్క ఉదుటున నొక్కేస్తుంది. ఆ గాలి సన్నటి రంధ్రంలోంచి దూసుకొచ్చి పెల్లెట్‌ని తోస్తుంది. ఇదంతా సుమారు సెకనులో వందో వంతులో అయిపోతుంది. అయితే పిస్టన్ ముందుకు దూకేటప్పుడు తుపాకీ వెనక్కి తన్నుతుంది. గాలి అడ్డుపడి పిస్టన్ ఆగినప్పుడు తుపాకీ ముందుకు కుదుపుతుంది. పెల్లెట్ గొట్టం దాటకముందే ఈ కదలిక మొదలవుతుంది. స్ప్రింగు రైఫిల్‌తో గురి కుదరడం కష్టమయ్యేది అందుకే.

ఆ కదలికను తగ్గించడం, మిగిలిన కదలిక ప్రతి షాటుకూ ఒకేలా ఉండేట్టు చూడటం ట్యూనింగ్ లక్ష్యం. ఈ మాట మరిచిపోయి, వినికిడి చిట్కాలతో మంచి తుపాకుల్ని పాడుచేసుకుంటున్నవాళ్లు చాలామంది. ఆ చిట్కాల్లో నిజమెంతో చూద్దాం.

అపోహ 1: బలమైన స్ప్రింగు వేస్తే గురి బాగా కుదురుతుంది.

వాస్తవం: తుపాకీ శక్తి స్ప్రింగు ఒక్కదాని మీదే ఆధారపడదు. పిస్టన్ ఎంత దూరం నడుస్తుంది, గది ఎంత వెడల్పు, గాలి వెళ్లే రంధ్రం ఎంత సైజు అన్నవి కూడా దాన్ని నిర్ణయిస్తాయి. ఇవి మార్చకుండా స్ప్రింగు మాత్రం లావుది వేస్తే, అదనపు బలంలో ఎక్కువ భాగం తన్నుగా, అదురుగా మారిపోతుంది. పిస్టన్ గాలిని ఢీకొని వెనక్కి ఎగిరిపడుతుంది. మడవడం కష్టమవుతుంది, పిస్టన్ ముందు కొసకుండే సీలు తొందరగా అరిగిపోతుంది.

పోటీల కోసం తుపాకులు చేసినవాళ్లు వెళ్లిన దారి ఇందుకు పూర్తిగా వేరు. జర్మనీలో తయారైన ఫైన్‌వెర్క్‌బావ్ 300ఎస్ 10 మీటర్ల పోటీలకు పేరుమోసిన స్ప్రింగు రైఫిల్. దాని పెల్లెట్ వేగం సెకనుకు 200 మీటర్లలోపే. పేల్చినప్పుడు గొట్టం, గది కలిసి తుపాకీ కర్రలోని పట్టాల మీద వెనక్కి జారతాయి. తన్ను గురి చూసేవాడి భుజం దాకా రాదు. ఆ రైఫిల్ కచ్చితత్వానికి మూలం తన్నును అదుపు చేసిన ఆ ఏర్పాటు.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. మన దేశంలో 2016 ఆయుధ నియమాల ప్రకారం గొట్టం 4.5 మిల్లీమీటర్లు మించినా, శక్తి 20 జౌల్స్ దాటినా ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు కావాలి. 0.547 గ్రాముల పెల్లెట్ సెకనుకు 240 మీటర్ల వేగంతో వెళితే శక్తి దాదాపు 15.75 జౌల్స్. అదే పెల్లెట్ 270 మీటర్లు అందుకుంటే 20 జౌల్స్ అంచుకు చేరినట్టే. బ్రిటన్‌లో ఈ హద్దు సుమారు 16.3 జౌల్స్. జర్మనీలో లైసెన్సు లేకుండా కొనే తుపాకులకు 7.5 జౌల్సే.

అపోహ 2: లోపల ఎంత నూనె పోస్తే అంత మెత్తగా పనిచేస్తుంది.

వాస్తవం: ఎక్కువ తుపాకుల్ని పాడుచేసేది ఈ నమ్మకమే. ఇంట్లో ఉన్న కుట్టుమిషన్ నూనెను నాలుగు చుక్కలు గాలి రంధ్రంలో వేస్తారు. పిస్టన్ గాలిని ఒక్కసారిగా నొక్కినప్పుడు ఆ గాలి విపరీతంగా వేడెక్కుతుంది. డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ లేకుండానే ఇంధనం అంటుకున్నట్టు, ఆ నూనె అంటుకుంటుంది. ఢామ్మని మోత, గొట్టం మూతి దగ్గర పొగ, కాలిన వాసన వస్తాయి. పెల్లెట్ వేగం పెరిగింది కదా అని సంబరపడతారు. కానీ ఆ దెబ్బకు పిస్టన్ వెనక్కి విసిరినట్టు వెళ్లి స్ప్రింగు విరగవచ్చు, సీలు కాలిపోవచ్చు. పైగా నూనె ఒక్కో షాటుకు ఒక్కోలా మండుతుంది. వేగం మారుతుంటే గురి నిలవదు.

ఈ మండటం స్ప్రింగు తుపాకుల్లో ఎంత పాత్ర పోషిస్తుందో బ్రిటన్‌కు చెందిన ఎయిర్ గన్ పరిశోధకులు కార్డ్యూలు ప్రయోగం చేసి చూపించారు. తుపాకీని మామూలు గాలికి బదులు నైట్రోజన్‌లో పేల్చారు. ఆక్సిజన్ లేక నూనె మండలేదు, పెల్లెట్ వేగం బాగా పడిపోయింది. మామూలు తుపాకీలోనూ కొద్దిపాటి నూనె మండుతూనే ఉంటుందని దీన్నిబట్టి తేలింది. ఆ కొద్దిపాటి మండటాన్ని నిలకడగా ఉంచాలి, పెంచకూడదు.

మరి ఏం రాయాలి? పిస్టన్ గోడకు తగిలే రెండు చివర్లా మాలిబ్డినం డైసల్ఫైడ్ పేస్టు పలచగా రాయాలి. వేలితో రాసి, గుడ్డతో తుడిచాక మిగిలే నల్లటి పొర చాలు. స్ప్రింగుకు జిగురుగా ఉండే చిక్కటి గ్రీజు పలచగా పట్టించాలి. సీలు ముందు భాగం పొడిగానే ఉండాలి. పాత తుపాకుల తోలు వాషర్లు మాత్రం ఎండిపోతే గాలి పట్టవు కాబట్టి, తయారీదారు చెప్పిన నూనెను అప్పుడప్పుడు ఒక చుక్క తాగనివ్వాలి. ప్లాస్టిక్ సీళ్లకు ఆ అవసరం లేదు.

అపోహ 3: పేల్చినప్పుడు ‘టంగ్’మని మోగితే తుపాకీ బలంగా ఉన్నట్టు.

వాస్తవం: ఆ మోత స్ప్రింగు వదులుగా ఉందని చెబుతోంది. స్ప్రింగు లోపల ఒక కడ్డీ ఉంటుంది, దాన్ని గైడ్ అంటారు. గైడ్‌కీ స్ప్రింగు లోపలి అంచుకీ మధ్య ఖాళీ ఎక్కువైతే, స్ప్రింగు సాగినప్పుడు పక్కలకు ఊగి మోగుతుంది. ఆ అదురు కర్ర గుండా చెంపకు తెలుస్తుంది.

స్ప్రింగు బయటికి తీసినప్పుడు దాన్ని గాజు పలక మీద మెల్లగా దొర్లించి చూడండి. సాఫీగా దొర్లితే తిన్నగా ఉన్నట్టు. ఒక పక్కకు ఎగురుతూ దొర్లితే వంగినట్టు. గైడ్ మీద ఒక వైపే మెరిసే గీతలు కనిపిస్తే, స్ప్రింగు అక్కడ రాసుకుంటోందని అర్థం. స్ప్రింగు రెండు కొసలూ చదునుగా ఉన్నాయా, కత్తిరించిన అంచు గరుకుగా ఉందా అన్నది వేలితో తడిమితే తెలిసిపోతుంది. వంగిన స్ప్రింగును మార్చేయాలి. కొసల్ని సన్నటి ఎమెరీ కాగితంతో నునుపు చేయాలి. లేత్ మిషన్ ఉన్న మంచి పనివాడితో గట్టి ప్లాస్టిక్ గైడ్‌ని స్ప్రింగు సైజుకు సరిగ్గా, చేత్తో కొద్దిగా నొక్కితే ఎక్కేంత బిగువుగా చేయించుకోవాలి. ట్యూనింగ్‌లో పెట్టిన డబ్బుకు మంచి ఫలితమిచ్చే పనుల్లో ఇదొకటి. ‘టంగ్’ పోయి ‘టప్’మనే పొట్టి చప్పుడు మిగులుతుంది.

అపోహ 4: విప్పడానికి స్క్రూడ్రైవర్ చాలు.

వాస్తవం: తుపాకీ మడవకుండా ఉన్నప్పుడు కూడా స్ప్రింగు లోపల కొంత నొక్కుకునే ఉంటుంది. వెనక మూతో, దాన్ని పట్టి ఉంచే పిన్నో తీయగానే అది బయటికి తన్నుకొస్తుంది. ముఖం దగ్గర పెట్టుకుని విప్పితే కన్ను పోవచ్చు. స్ప్రింగును నొక్కి పట్టి, మెల్లగా వదిలే కంప్రెసర్ అనే బిగింపు సాధనం ఉండాలి. కళ్లద్దాలు పెట్టుకోవాలి. తుపాకీ మడిచి లేదని, గొట్టంలో పెల్లెట్ లేదని చూసుకున్నాకే చెయ్యి వేయాలి.

మళ్లీ బిగించేటప్పుడు సీలు జాగ్రత్త. గది గోడకు ఉండే చీలికల అంచులు ఒక్కోసారి కత్తిలా ఉంటాయి. పిస్టన్‌ను తోసినప్పుడు సీలు అంచు అక్కడ కోసుకుపోతుంది. ఆ అంచుల్ని ముందే నునుపు చేసి, ఇనుప రజను పూర్తిగా తుడిచేయాలి.

అపోహ 5: పెల్లెట్ లేకుండా ఊరికే పేల్చితే ఏమీ కాదు.

వాస్తవం: పెల్లెట్ ఉన్నప్పుడు దాని వెనక గాలి నిలిచి పిస్టన్‌కు మెత్తటి అడ్డుగా ఉంటుంది. పెల్లెట్ లేకపోతే గాలి ముందే వెళ్లిపోతుంది. పిస్టన్ నేరుగా గది చివర గోడను కొడుతుంది. ఇలా పదే పదే చేస్తే సీలు నలుగుతుంది, స్ప్రింగు దెబ్బతింటుంది. మడిచి గంటల తరబడి వదిలేసినా స్ప్రింగు మెత్తబడుతుంది.

అపోహ 6: తుపాకీని ఎంత గట్టిగా పట్టుకుంటే గురి అంత కుదురుగా ఉంటుంది.

వాస్తవం: మందుగుండు తుపాకీకి అలవాటుపడ్డవాళ్లు ఇక్కడే ఇబ్బంది పడతారు. స్ప్రింగు రైఫిల్ ముందుకూ వెనక్కూ కదలక తప్పదు. గట్టిగా పట్టుకుంటే పట్టు బిగువు ప్రతిసారీ కొద్దిగా మారుతుంది, దాంతో తుపాకీ కదలిక కూడా మారుతుంది. అమెరికన్ ఎయిర్ గన్ రచయిత టామ్ గేలార్డ్ ‘ఆర్టిలరీ హోల్డ్’ అన్న పేరుతో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇందుకు విరుగుడు. ముందు చేతిని చాచి అరచేతి మీద తుపాకీని ఊరికే ఆనించాలి, వేళ్లు చుట్టకూడదు. భుజానికి తేలిగ్గా తాకించాలి. అరచెయ్యి ప్రతిసారీ కర్ర మీద ఒకే చోట ఉండాలి. ట్రిగ్గర్ లాగాక కూడా క్షణంపాటు లక్ష్యం మీద నుంచి చూపు తీయకూడదు. రూపాయి ఖర్చు లేని ట్యూనింగ్ ఇది.

అపోహ 7: గురి తప్పుతోందంటే గొట్టం పాడైనట్టు, లేదా స్కోప్ మార్చాలి.

వాస్తవం: ముందు కర్ర స్క్రూలు చూడండి. అటూ ఇటూ కుదుపులకు అవి మెల్లగా వదులవుతాయి. తరవాత గొట్టం మడిచే కీలు పక్కలకు ఆడుతోందేమో చూడండి. గొట్టమూ గదీ కలిసే చోట రబ్బరు రింగు ఉంటుంది. అక్కడ పలచటి టిష్యూ ముక్క ఆనించి, సురక్షితమైన దిక్కుకు పెల్లెట్‌తో పేల్చినప్పుడు టిష్యూ ఎగిరితే గాలి కారుతోందన్నమాట. రింగు మారిస్తే సరిపోతుంది.

స్కోప్ విషయంలోనూ ఒక జాగ్రత్త ఉంది. పెద్ద రైఫిల్ తన్ను తట్టుకునే స్కోపులు కూడా స్ప్రింగు తుపాకీ మీద చెడిపోవచ్చు. ఎందుకంటే ఇక్కడ ముందుకు వచ్చే కుదుపు కూడా ఉంటుంది. ఎయిర్ గన్‌కు తగినదని ప్రత్యేకంగా చెప్పిన స్కోపే కొనాలి. బిగించే మౌంటు వెనక్కి జారకుండా దానికి ఆపే పిన్ను ఉండాలి.

అపోహ 8: మొనదేలిన, తేలికైన, వేగంగా పోయే పెల్లెట్టే మంచిది.

వాస్తవం: పెట్టె మీద ‘సెకనుకు 1,200 అడుగులు’ అని రాసి ఉంటే, అది సాధారణంగా చాలా తేలికైన పెల్లెట్‌తో కొలిచిన లెక్క. ధ్వని వేగం సెకనుకు దాదాపు 343 మీటర్లు. దానికి దగ్గరగా వెళ్లిన పెల్లెట్ గాలిలో కుదురుగా ఉండదు. గుండ్రటి తల ఉన్న, 0.5 గ్రాముల పైచిలుకు సీసపు పెల్లెట్లు సాధారణంగా నిలకడగా వెళతాయి. అయినా ఏ గొట్టానికి ఏ పెల్లెట్ నచ్చుతుందో కొట్టి చూస్తేనే తెలుస్తుంది. తల కొలత 4.50, 4.51, 4.52 మిల్లీమీటర్ల మధ్య మారినా కాగితం మీద తేడా కనిపిస్తుంది. మరీ తేలిక పెల్లెట్ అయితే పిస్టన్ గోడకు కొట్టుకుంటుంది. మరీ బరువైనదైతే పిస్టన్ వెనక్కి ఎగిరిపడుతుంది.

అపోహ 9: ట్రిగ్గర్ కొక్కేలను అరగదీస్తే తేలికవుతుంది.

వాస్తవం: ఆ కొక్కేల పైపొర మాత్రమే గట్టిపరిచిన ఉక్కు కావచ్చు. దాన్ని అరగదీస్తే లోపలి మెత్తటి లోహం బయటపడి, తాకితే చాలు పేలిపోయే ప్రమాదం వస్తుంది. గొట్టం మడిచి పెల్లెట్ పెడుతుండగా పేలితే గొట్టం ఎగిరి వేళ్లను చితక్కొడుతుంది. పెల్లెట్ పెట్టేటప్పుడు రెండో చేత్తో గొట్టాన్నో లివర్‌నో గట్టిగా పట్టుకోవాలి. వైరౌఖ్ తుపాకుల్లోని ‘రెకార్డ్’ లాంటి ట్రిగ్గర్లకు సర్దుబాటు స్క్రూ ఉంటుంది. దాన్ని వాడుకోవాలి తప్ప ఆకురాయి జోలికి పోకూడదు.

అపోహ 10: స్ప్రింగు రైఫిళ్ల కాలం పోయింది, గురికి పనికిరావు.

వాస్తవం: 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీ 1984లో ఒలింపిక్స్‌లో చేరింది. 2008లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచిందీ, 2012లో మన హైదరాబాదు షూటర్ గగన్ నారంగ్ కాంస్యం గెలిచిందీ ఈ పోటీలోనే. ఇప్పుడు ఆ స్థాయిలో వాడేవి గాలి నింపిన సిలిండర్ రైఫిళ్లు. వాటిలో తన్ను దాదాపు ఉండదు. అయినా ఫీల్డ్ టార్గెట్ ప్రపంచ పోటీల్లో స్ప్రింగు రైఫిళ్లకు నేటికీ వేరే విభాగం ఉంది. ఎయిర్ ఆర్మ్స్ టీఎక్స్ 200, వైరౌఖ్ హెచ్‌డబ్ల్యూ 97 లాంటివి అక్కడ గట్టిగా నిలబడుతున్నాయి.

ఇక పని వరస. ముందు స్క్రూలు, తరవాత పట్టు, తరవాత పెల్లెట్. ఇవి మూడూ కుదిరాకే లోపలి భాగాల జోలికి వెళ్లాలి. ఒక్కసారికి ఒక్క మార్పే చేసి, పది పెల్లెట్లు కాగితం మీద కొట్టి చూడాలి. పెల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ దొరికితే షాటుకీ షాటుకీ వేగం తేడా ఎంతో రాసుకోవాలి. ఆ తేడా తగ్గి, కాగితం మీద రంధ్రాలు దగ్గరపడితే మార్పు పనిచేసినట్టు. లేకపోతే పాత భాగాన్ని మళ్లీ పెట్టేయాలి. పెల్లెట్‌ని ఆపే గట్టి అడ్డు లక్ష్యం వెనక లేకుండా ఎప్పుడూ పేల్చకూడదు. పిట్టల మీద గురి పెట్టడం మానేయాలి. చాలా పక్షులకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. కాగితం మీది నల్ల చుక్కకు గురి పెట్టండి. మీరు చేసిన పని ఫలించిందో లేదో అదే చెబుతుంది.