కాటుకొక అణా

బొల్లారానికి కొద్ది మైళ్ల దూరాన ఉన్న బేగంపేటలో, 1897 ఆగస్టు 16న, హుసేన్‌ఖాన్ అనే మలేరియా రోగి తన ఒంటిపై దోమలను వాలనిచ్చాడు. అవి సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ పిల్లపురుగుల నుంచి పెంచిన దోమలు. కాటుకొక అణా ఇచ్చే ఒప్పందం.

కూలి పుచ్చుకొన్నవానిది సేవ ఎట్లా అవుతుందని విద్యార్థులు అడుగవచ్చు. అడుగవలసిన ప్రశ్నయే. కాని జ్వరంతో వేగుతున్న దేహాన్ని దోమలకు అప్పగించడానికి అణా ఏపాటి వెల?

నాలుగవ నాడు, ఆగస్టు 20న, అతని నెత్తురు త్రాగిన ఒక దోమ కడుపు గోడలో రాస్‌కు మలేరియా క్రిమి కనబడింది. మరుసటి యేడు కలకత్తాలో పక్షులపై పరీక్షించి, ఆ క్రిమిని దోమకాటే ఒక ప్రాణి నుంచి మరొక ప్రాణికి చేరవేస్తుందని అతడు రుజువు చేశాడు.

1902లో రాస్‌కు నోబెల్ బహుమానం లభించింది. బేగంపేట భవనానికీ అతని పేరే పెట్టారు. హుసేన్‌ఖాన్‌కు ముట్టినవి ఆ అణాలు.