దేగు కడిగిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయి?

పెళ్లి దావత్ అయినా, రంజాన్ ఇఫ్తార్ అయినా, శుక్రవారం నమాజు తరువాత హోటలు ముందు గుమికూడే జనమైనా అందరి కళ్లూ దేగు మూత తెరిచే క్షణం మీదనే ఉంటాయి. బిర్యానీ ఎలా కుదిరింది, మాంసం మెత్తగా ఉడికిందా, నెయ్యి సరిపోయిందా అని చూస్తాం. దేగు ఖాళీ అయిన తరువాత దాన్ని కడిగిన నీళ్లు ఎటు పోయాయని మాత్రం మనలో ఎంతమంది చూస్తున్నాం?

మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాలలో చిన్న హోటళ్ల మీద బ్రతుకుతున్న ముస్లిం కుటుంబాలు ఉన్నాయి. తండ్రి పొయ్యి దగ్గర, కొడుకు గల్లా దగ్గర నిలబడితే ఇంట్లోని స్త్రీలు మసాలాలు సిద్ధం చేసి పంపుతారు. అటువంటి ఒక హోటలు యజమానితో మేము మాట్లాడినప్పుడు ఆయన వెలిబుచ్చిన బాధ ఇది: "ఏం చెయ్యమంటారు సాబ్? నెల తిరక్కుండానే పైపు మూసుకుపోతుంది. కాస్టిక్ సోడా వేస్తాం, మసిలే నీళ్లు పోస్తాం. రెండు రోజులు బాగుంటుంది, తరువాత మళ్లీ మామూలే." ఈ బాధ ఆయన ఒక్కరిదే కాదు కనుక దీని కారణాన్నీ, నివారణనూ పాఠకుల ముందు ఉంచుతున్నాం.

జిడ్డు రాయిగా మారే విధం

మాంసపు కొవ్వు, డాల్డా, నెయ్యి వేడిగా ఉన్నంతసేపు నీళ్లలా పారుతాయి. పైపులో నాలుగు అడుగులు పోయి చల్లబడగానే గోడకు అంటుకుంటాయి. వాటి మీద మెతుకులు, మసాలా పిప్పి, గంజి చేరతాయి. అంతటితో ఆగదు. కొవ్వు కుళ్లినప్పుడు పుట్టే ఆమ్లాలు నీటిలోనూ, సిమెంటులోనూ ఉండే కాల్షియంతో కలిసి గట్టి సబ్బులాంటి పదార్థంగా మారతాయి. బోరు నీళ్లతో బట్టలు ఉతికేటప్పుడు సబ్బు నురగ రాక తెల్లటి తెట్టు కట్టడం మన ఆడవాళ్లకు బాగా తెలుసు. మోరీలో జరిగేదీ ఇంచుమించు అదే. ఒకసారి గట్టిపడిన ఆ గడ్డను పారతో చెక్కాల్సిందే తప్ప నీళ్లకు కరగదు.

మసిలే నీళ్లు పోస్తే ఏమవుతుంది? గడ్డ కరిగి కొంత దూరం పోయి, అక్కడ చల్లబడి మళ్లీ పేరుకుంటుంది. మన పైపు తెరుచుకుంటుంది, పక్కింటివాళ్ల ముందు కాలువ మూసుకుంటుంది. ఇది పల్లెటూరి సమస్య మాత్రమే అనుకోరాదు. లండన్ మహానగరంలోని వైట్‌చాపెల్ ప్రాంతంలో 2017లో భూగర్భ మురుగు కాలువను అడ్డుకున్న జిడ్డు గడ్డ 250 మీటర్ల పొడవు, 130 టన్నుల బరువు ఉందని అక్కడి అధికారులు ప్రకటించారు. దాన్ని తొలగించడానికి వారాలు పట్టింది.

జిడ్డు తొట్టి ఎలా పనిచేస్తుంది?

దీనికి విరుగుడు చాలా పాతది, సులువైనది. ఇంజనీర్లు గ్రీజ్ ట్రాప్ అంటారు, మనం జిడ్డు తొట్టి అనుకుందాం. ఇందులో కరెంటు లేదు, మోటారు లేదు. నూనె నీటికన్నా తేలిక కనుక పైకి తేలుతుంది, మెతుకులూ పిప్పీ బరువు కనుక అడుగుకు చేరతాయి. మధ్యలో ఉన్న నీరు మాత్రమే బయటికి పోయేటట్లు చేస్తే చాలు. గిన్నెలు కడిగే సింకు నుంచి వచ్చే పైపును తొట్టిలో కిందికి వంచుతారు. మధ్యలో ఒక అడ్డుబండ నిలబెట్టి అడుగున సందు వదులుతారు. బయటికి పోయే చోట టీ పైపు పెట్టి, దాని నోరు నీటి లోపలికి మునిగేలా చేస్తారు. పైన తేలే జిడ్డు అడ్డుబండ దగ్గరే ఆగిపోతుంది.

నీరు తొట్టిలో సుమారు అరగంట నిలిస్తేనే జిడ్డు బాగా విడిపోతుంది. మూడు అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు, రెండు అడుగుల నీటి లోతు ఉన్న తొట్టిలో 12 ఘనపుటడుగులు, అంటే సుమారు 340 లీటర్ల నీరు పడుతుంది. రద్దీ వేళ నిమిషానికి 10, 11 లీటర్లు వాడే చిన్న హోటలుకు ఇది సరిపోతుంది. అంతకన్నా పెద్ద హోటళ్లు, షాదీఖానాలు తెలిసిన ఇంజనీరును అడిగి కొలత నిర్ణయించుకోవాలి. పైన సులువుగా తీయగలిగే మూత ఉండాలి. మరుగుదొడ్డి నీటిని ఈ తొట్టిలోకి ఎట్టి పరిస్థితుల్లోనూ కలపరాదు.

కట్టడం సగం పని, తీయడం మిగతా సగం

తొట్టి కట్టించి మరచిపోయినవారికి దానివల్ల ఏ ప్రయోజనమూ లేదు. నిండిన తొట్టి తొట్టి లేనిదానితో సమానం. పైన తేలిన జిడ్డు మందం, అడుగున చేరిన మడ్డి మందం కలిపి నీటి లోతులో నాలుగో వంతుకు చేరేలోగా శుభ్రం చేయాలన్నది సాధారణ నియమం. రెండు అడుగుల లోతు తొట్టికి ఇది ఆరు అంగుళాలు. వారానికి ఒకసారి కర్ర దించి చూస్తే తెలిసిపోతుంది. రంజాన్ నెలలో హలీం, బిర్యానీ దేగులు పెరుగుతాయి కనుక రెండు మూడు రోజులకు ఒకసారి చూడాలి.

తెల్లవారుజామున, పొయ్యి వెలిగించక ముందు ఈ పని పెట్టుకోవడం మేలు. రాత్రంతా చల్లబడి జిడ్డు మీగడలా గట్టిపడి ఉంటుంది. మూత తీసి కొంతసేపు గాలి ఆడనిచ్చి, పైన నిలబడే పొడుగు పిడి జల్లెడ గరిటెతో జిడ్డును ఎత్తాలి. తరువాత మడ్డిని తీసి, గోడలు గీకి, చివరగా తొట్టిని మంచినీళ్లతో నింపాలి. ఈ చివరి పని చాలామంది మరచిపోతారు. ఖాళీ తొట్టిలో పడిన జిడ్డు నేరుగా బయటికి పోతుంది. తీసిన జిడ్డును రంపపు పొట్టులోనో ఊకలోనో కలిపి, గట్టి సంచిలో కట్టి, మునిసిపాలిటీ వారిని అడిగి వారు చెప్పిన చోట అప్పగించాలి. మళ్లీ మోరీలోనే పారవేస్తే చేసిన శ్రమంతా వృథా.

కాస్టిక్ సోడా జిడ్డును విరిచి ముందుకు తోస్తుందేగాని మాయం చేయదు. పైగా చేతులు, కళ్లు కాలుతాయి. మసిలే గంజి, వేడి నూనె నేరుగా తొట్టిలో పోయరాదు. అన్నిటికన్నా మేలైనది, కడగక ముందే దేగును, కడాయిని పాత గుడ్డతోనో కాగితంతోనో తుడవడం, ఎముకలు, మెతుకులు జాలీలో పట్టడం. బిందె నీటికి కూడా ట్యాంకరు కోసం ఎదురుచూసే మన ప్రాంతంలో ఈ అలవాటు కొనే నీళ్లనూ ఆదా చేస్తుంది.

మిగిలిన వేపుడు నూనె సంగతి వేరు. పదేపదే కాగిన నూనెలో పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వాడరాదని ఆహార భద్రతా సంస్థ 2018 జూలై నుంచి నిబంధన తెచ్చింది. ఆ ఏడాది ఆగస్టులోనే అటువంటి నూనెను సేకరించి బయోడీజిల్ తయారీకి పంపే పథకాన్నీ ప్రారంభించింది. కనుక వాడిన నూనెను చల్లార్చి డబ్బాలో వేరుగా దాచాలి. తొట్టిలో తీసిన జిడ్డు మాత్రం మురుగే, దాన్ని ఈ నూనెలో కలపరాదు.

ఒక మనిషి ప్రాణం

ఇదంతా పైపు కోసమేనా? కాదు. మన ఊళ్లలో చాలా హోటళ్ల నీరు సైడు కాలువకో, సెప్టిక్ ట్యాంకుకో పోతుంది. ట్యాంకులోకి చేరిన జిడ్డు పైన మందంగా తెట్టు కడుతుంది, ఇంకుడు గుంట నేల రంధ్రాలను మూసివేస్తుంది. ట్యాంకు పొంగుతుంది. అప్పుడు మనం ఏం చేస్తాం? ఎవరో ఒక పేదవాడిని పిలిచి, నాలుగు డబ్బులు చేతిలో పెట్టి, లోపలికి దిగమంటాం. ఆ చీకటి గుంటలో ఉండే విషవాయువు క్షణాలలో మనిషిని పడగొడుతుంది. అతన్ని పైకి లాగబోయి దిగినవాడు కూడా తిరిగి రాని సంఘటనలు దేశంలో ఎన్నో జరిగాయి.

రక్షణ సాధనాలు ఇవ్వకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. మొదటి తప్పుకే రెండేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మురుగు కాలువల్లో మరణించినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2023లో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. కాని ఏ మొత్తమూ ఒక బిడ్డకు తండ్రిని తిరిగి ఇవ్వలేదు. ట్యాంకు నిండితే యంత్రమున్న బండినే పిలవాలి. అది తరచూ నిండకుండా చూసేది మన పెరట్లోని జిడ్డు తొట్టి.

దారిలోని ముల్లును తీసి పక్కన వేయడం పుణ్యమని మన పిల్లలకు చిన్ననాడే నేర్పుతాం. మరి మన వంటగది నుంచి వీధిలోకి వదిలే ముల్లు మాటేమిటి?

చివరగా ఒక చిన్న సలహా. మార్కాపురం పలకలకు పేరుపొందిన ఊరు. హోటలు నడిపే ప్రతి సోదరుడూ ఒక పలక కొని వంటగది గోడకు తగిలించాలి. తొట్టి శుభ్రం చేసిన తేదీ, ఆనాటి జిడ్డు మందం దాని మీద రాయాలి. నెల తిరిగేసరికి తన తొట్టి ఎన్నాళ్లకు నిండుతుందో ఆ పలకే చెబుతుంది. అక్షరాలు దిద్దే పిల్లవాడి చేత ఆ తేదీ రాయిస్తే మరీ మంచిది. గల్లా లెక్కతోపాటు మోరీ లెక్క కూడా వ్యాపారంలో భాగమేనని వాడు చిన్నతనంలోనే నేర్చుకుంటాడు.