జంట ఆసులు పడితే ఎంత ధీమా?

52 ముక్కల పేక నుంచి చేతికి రెండు ముక్కలు పంచితే వచ్చే జతలు 1,326. వాటిలో రెండూ ఆసులే అయ్యేవి 6. అంటే సగటున 221 పంపకాలకు ఒకసారి. మన మూడు ముక్కలాట తెలిసినవాళ్లకు ఇది వింతేం కాదు. అక్కడ చేతులు 22,100, ట్రెయిల్ (మూడూ ఒకే విలువ ముక్కలు) పడేవి 52. అది 425 పంపకాలకు ఒక్కసారి.

పోకర్‌లో, ముఖ్యంగా రెండేసి ముక్కలు పంచే హోల్డెమ్‌లో, జంట ఆసులకు మించి మొదట పడే చెయ్యి లేదు. పడగానే చాలామంది నక్కి ఆడతారు. రేటు పెంచితే అందరూ ముక్కలు పడేసి పోతారని భయం. ఆ భయానికి అంకెల్లో ఖరీదు ఉంది. ఎదుట ఒక్కడే ఉండి, వాడి చేతిలో ఏవో రెండు ముక్కలున్నాయనుకుంటే ఆసులు గెలిచే అవకాశం 85 శాతం. ఇద్దరుంటే 73. ముగ్గురుంటే 64. ఐదుగురిని రానిస్తే 49. నిండు బల్ల మీద తొమ్మిదిమందీ దిగితే 31. ముక్కలు అవే, వాటి బలమే కరిగిపోయింది.

కుండలో (పాట్‌లో) ఎక్కువమంది పెడితే గెలిచినప్పుడు ఎక్కువే వస్తుంది కదా? ప్రతి చేతికీ డబ్బు లెక్క చూసుకునే ఆటలో ఆ మాట నిజమే. టోర్నమెంటులో లెక్క వేరు. అక్కడ చిప్స్ అయిపోతే ఇంటికే.

ఒక చిన్న లెక్క వేద్దాం. నలుగురు మిగిలారు, అందరి దగ్గరా సమానంగా చిప్స్ ఉన్నాయి. బహుమతులు మొదటి ముగ్గురికి 50, 30, 20 పాయింట్లు, నాలుగోవాడికి సున్నా. ఇప్పుడు ఒక్కొక్కరి స్థానం విలువ 25 పాయింట్లు. ఒకడు ఆల్ ఇన్ అన్నాడు, అంటే తన చిప్స్ అన్నీ పెట్టేశాడు. మీరు సరేనని గెలిస్తే మీ చిప్స్ రెట్టింపవుతాయి. విలువ మాత్రం 50 కాదు, 38.3 పాయింట్లే. ఓడితే సున్నా. కాబట్టి ‘సరే’ అనాలంటే గెలుపు అవకాశం 65 శాతం దాటాలి. జంట రాణులతో కూర్చుని, ఎదుటివాడు ఆసు-రాజు చూపించేసినా మీ అవకాశం 57 శాతమే. రాణులు ముందున్నా వాటిని పడేయడమే తెలివి! అదే ఆట మొదట్లో, అందరి దగ్గరా దండిగా చిప్స్ ఉన్నప్పుడు, ఆ రాణులే దర్జాగా ఆడాల్సిన చెయ్యి.

ఈ లెక్క నుంచి తేలేది ఒకటే. బలమైన చెయ్యి పడితే ముందు రైజ్ చేసేవాడిగా ఉండాలి, ఎదుటివాడి ఆల్ ఇన్‌కు తలూపేవాడిగా కాదు. మీరే పెంచితే గెలవడానికి రెండు దారులు. వాళ్లు పారిపోవచ్చు, లేదా చివరికి మీ ముక్కలే పెద్దవి కావచ్చు. తలూపినవాడికి రెండోది ఒక్కటే దిక్కు. నా దృష్టిలో ధీమా అంటే ఇదే, ముఖం బిగబట్టడం కాదు.

ఇంత చేసినా ఓటమి ఉంటుంది. ఆసులకు ఎదురుగా జంట రాజులొస్తే గెలుపు 82 శాతం. ఇలాంటి పోటీ ఐదుసార్లు వస్తే ఐదూ గెలిచే అవకాశం 37 శాతమే. ఒక్కసారి పోగానే ఆట తీరు మార్చేసేవాళ్లు పటాన్‌చెరు బల్క్ డ్రగ్ యూనిట్ల క్వాలిటీ ల్యాబ్‌ను చూడాలి. పద్ధతి ప్రకారమే నడిచిన బ్యాచ్ ఒకటి ఫెయిలైతే అక్కడ కారణం వెతుకుతారు, పద్ధతిని పారేయరు.

ఇక అసలు సంగతి, చట్టం. 1967లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆటగా, మూడు ముక్కలాటను ఉత్త అదృష్టపు ఆటగా చెప్పింది. నైపుణ్యం పేరుతో దొరికిన ఆ వెసులుబాటును తెలంగాణ 2017లో గేమింగ్ చట్టం సవరించి తీసేసింది. అంటే ఇక్కడ నైపుణ్యం ఉన్న ఆటకైనా డబ్బు ఒడ్డితే అది జూదమే. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలపై దేశమంతటికీ నిషేధం తెచ్చింది. నడిపేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా.

పాశమైలారం ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి గదిలో నలుగురు కూర్చుంటే ఈ లెక్కలు చింతగింజలతో సరదాగా పరీక్షించుకోండి. నోట్లు బయటికి తీశారో, చేతిలో రెండు ఆసులున్నా కేసు కేసే.